కాల్చేసిన జడలు

మొన్నామధ్య ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మా ఇంటికొచ్చింది. రోడ్డు మీద మతి తప్పి తిరిగే మనిషిని ఆశ్రమానికి తీసుకొస్తే మొట్టమొదట ఏం చేయాలని అడిగింది, పెన్ను మూత తీసి పట్టుకుని. "కత్తెర ఎక్కడుందో చూసి, బీరువాలో పెట్టి తాళం వెయ్యి" అన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. నా నోరు మంచిది కాదని ఎవరో ముందే చెప్పి పంపి ఉంటారు. రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నేను పనిచేసిన ఆశ్రమం పలాసలో ఉండేది. అంతకుముందు అది జీడిపప్పు గోడౌను. ఎంత ఫినాయిలు పోసి కడిగినా గోడల్లోంచి పిక్కలు కాల్చిన పొగ వాసన పోయేది కాదు. పలాసలో పెద్ద రైళ్లు ఆగుతాయి కదా, టిక్కెట్టు లేని మనుషుల్ని దించేయడానికి అదొక వీలైన చోటు. ఎక్కడెక్కడో ఎక్కి, తామెవరో తమకే గుర్తులేని ఆడవాళ్లు ప్లాట్‌ఫారం చివర దిగి అక్కడే ఉండిపోయేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విశాఖలో ఎం.ఎస్.డబ్ల్యూ. ముగించి, లోకాన్ని ఉద్ధరిద్దామని అక్కడ చేరాను. హెడ్మాస్టరుగా రిటైరై ఆశ్రమం నడుపుతున్న డైరెక్టరుగారు, వంట నుంచి క్షవరం దాకా అన్నీ చేసే ఆయమ్మ, ఒక జీపు, దాని డ్రైవరు. ఇదీ నాకు దొరికిన సైన్యం.

మాకొక పద్ధతి ఉండేది. మనిషి రాగానే ముందు జుట్టు తీసేయాలి. తరవాత వేణ్ణీళ్ల స్నానం, తరవాత నైటీ, ఆ తరవాత ఫోటో. వచ్చినప్పుడు తీసిన ఫోటో పక్కన ఈ కొత్త ఫోటో అతికించి డైరెక్టరుగారు వరండా గోడకు పెట్టేవారు. పుట్టినరోజు భోజనాలు పెట్టడానికొచ్చిన జీడిపప్పు షావుకార్లు ఆ గోడ ముందు నిలబడి ఎంత తేడా, ఎంత తేడా అని మురిసిపోయేవారు.

ఆ ఫోటోల మీద నేను యుద్ధమే చేశాను. వాళ్లనడిగి తీశారా అని నిలదీస్తే, "తల్లీ, ఆ గోడే మనకి బియ్యం పెడుతోంది" అనేవారాయన. నైటీల మీద దెబ్బలాడాను. గేటు తాళం మీద దెబ్బలాడాను. పిచ్చోళ్లు అనే మాట మీద డ్రైవరుతో నెలల తరబడి దెబ్బలాడితే, అతను చివరికి విసిగిపోయి, "అయితే ఏటనాలో తమరే సెప్పండి మేడమ్, జీపు మీద రాయించుకుంటాను" అన్నాడు. ఇన్నిటి మీద నోరు చేసుకున్నదాన్ని జుట్టు సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఎత్తడానికేముంది? పేలు, పుళ్లు, మట్టి. తీసేస్తే శుభ్రం.

ఒక మధ్యాహ్నం ఎండుచేపల వాసన వరండాలోకొచ్చింది, దాని వెనకే ఒక మనిషి. భావనపాడు దాటి తీరం వెంబడి వెళితే వచ్చే ఓ పల్లె ఆమెది. టెక్కలి సంతలో సరుకు అమ్ముకుని, ఖాళీ గంపతో బస్సెక్కి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. నడివయసు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మెట్టు మీద కూలబడి, గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే చూసింది.

"ఈలందరి ఇల్లల్లోనీ ఎవులైనా సచ్చిపోనారేటమ్మా? అందరివీ బోడిగుండ్లే."

నేను నవ్వేసి శుభ్రం గురించి ఒక పాఠం చెప్పాను. విన్నదో లేదో తెలియదు. వచ్చిన పని చెప్పింది. వాళ్ల పల్లెలో ఒక ఆడమనిషి ఉంది, ఎప్పుడో ఇసక వెంబడి నడుచుకుంటూ వచ్చి వలల పాకలో ఉండిపోయింది. పేరు ఎవరికీ తెలియదు. తలంతా జడలు కట్టి ఉంటుంది కాబట్టి జడలమ్మ అంటారు. ఇంటికో పూట చొప్పున కూడు పెడుతున్నారు. ఇప్పుడు ఆమె కాలికి పుండు లేచి పురుగు పట్టింది. అది చాలక, పొద్దు వాలేసరికి ఎవరితోనో తగువాడుతూ మెడలోతు నీళ్లలోకి నడిచిపోతోంది. మగవాళ్లు ఈడ్చుకొచ్చి పడేస్తున్నారు.

"ఏదో రోజు ఎవులూ సూడరు, గంగమ్మ అట్టుకుపోతాది. మందుంటే ఎట్టండమ్మా" అంది.

మర్నాడే వెళ్లాం. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు దాటాక సరుగుడు వస్తుంది, ఆపైన జీపు ఇసకలో దిగబడుతుంది. దిగి నడిచాం. ఆమె ఒక పడవకు ఆనుకుని కూర్చుని ఉంది. జడలు తాళ్లలాగా నడుం దాకా వేలాడుతున్నాయి. ఒక జడకు ఎవరో పసుపు రాశారు. అప్పుడే వేటకు బయల్దేరుతున్న మగవాళ్లు పడవ ముక్కును ఆమెచేత తాకించి నీళ్లలోకి తోస్తున్నారు. ఆమె ఒకసారి తాకింది, ఒకసారి ఆ పడవవాడి ఏడు తరాల్నీ కడిగిపారేసింది. తిట్టినా శుభమేనట.

జడలు అమ్మవారి గుర్తని వాళ్ల నమ్మకం. నువ్వూ నమ్ముతావా అని ఆ చేపలామెను అడిగాను, కాస్త ఎగతాళిగానే. నన్ను ఎగాదిగా చూసి, "సేపలు సముద్రంలో ఉంటే పడతాయి, నేకపోతే నేదు. అయితే దిక్కులేనిదానికి ఓ ముద్ద ఎట్టడానికి మగోలికి ఓ సాకు గావాల కదమ్మా" అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది. నచ్చి ఊరుకున్నాను.

తీసుకెళ్లడానికి ఊరిపెద్ద ఒప్పుకోలేదు. పొడుగ్గా, ఎండిన సరుగుడు కర్రలాగా ఉండే ముసలాయన. చేపలామె ఆయనతో చాలాసేపు వాదించింది, నేను నోరెత్తాల్సిన అవసరమే రాలేదు. చివరికి ఆయన నా వైపు తిరిగాడు.

"బాగైనాక మల్లీ మా ఊరే తెత్తారా?"

"తెస్తాను" అన్నాను.

"ఇలగే తేవాల మరి."

"ఇంతకన్నా బాగా తెస్తాను" అన్నాను.

ఆయన ఏదో అనబోయి మానేశాడు. నా మాటకు ఎదురు మాట దొరకనివాళ్లను చూడటం నాకప్పట్లో అలవాటే.

ఆశ్రమంలో ఆయమ్మ కత్తెర తీసుకొచ్చేసరికి ఆమె రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుంది. అరిచింది. అందరూ అరుస్తారు. నేనూ, ఆశ్రమంలో ఉండే ఇంకో ఇద్దరూ చేతులు విడదీసి పట్టుకున్నాం. ఆయమ్మ మొదటి జడ మీద కత్తెర పెట్టి ఆగిపోయింది.

"మేడమ్, ఇవి మామూలు జుట్టు కాదు. మొక్కేదో సెప్పుకుని తియ్యాల. తీసినవి ఓ గుడ్డలో కట్టి దాసుదాం."

మూఢనమ్మకాల మీద నేను అక్కడికక్కడే ఆయమ్మకు దంచిన ఉపన్యాసం మీరు వినాల్సింది. కాలేజీలో దానికి నాకు ప్రైజు కూడా వచ్చింది. ఆయమ్మ పని కానిచ్చింది. జడల కింద నెత్తి మీద నిజంగానే పుళ్లున్నాయి, నిజంగానే పురుగులున్నాయి. చూశావా అన్నట్టు ఆయమ్మ వైపు చూశాను. పెరట్లో కిరసనాయిలు పోసి జడల్ని కాల్చేశాం. పిక్కల పొగ వాసనలో ఆ వాసన కలిసిపోయింది.

మేజిస్ట్రేటు ఆర్డరు తీసుకుని ఆమెను విశాఖ ఆసుపత్రిలో చేర్పించాం. కాలి పుండు మానింది. మందు పనిచేసింది. పనిచేయడం అంటే ఏమిటో నేను దగ్గరుండి చూశాను కాబట్టి, పల్లెలో వదిలేసి ఉంటేనే బాగుండేదని ఎవరైనా నాతో అంటే ఇప్పటికీ ఊరుకోను. కనపడని మనుషులతో తగువు ఆగింది. ఒకరోజు తన పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ తరవాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి: ఇచ్ఛాపురం అవతల అత్తవారి ఊరు, పురిట్లోనే పోయిన బిడ్డ, ఆసుపత్రికని రైలెక్కించి మధ్య స్టేషన్లో టీ తాగొస్తానని దిగిపోయిన మొగుడు.

బాగుపడ్డాక తెలిసిందేమంటే, ఆ తిట్లు జబ్బువి కావు, మనిషివే. ఒరియా, తెలుగు కలిపి ఆమె తిడుతుంటే ఆశ్రమమంతా పని ఆపి వినేది. డ్రైవరు జీపు రివర్సు చేస్తుంటే పక్కన నిలబడి, "నీ పెల్లానివి కల్లు నెత్తిమీదున్నాయేటి, నిన్ను సేసుకున్నాది" అనేది. అతనికి ఆమె అంటే ప్రాణం. నాకంటే బాగా తిట్టగలిగేవాళ్లను నేను గౌరవిస్తాను. మా ఇద్దరికీ కుదిరింది.

ముందు అత్తవారింటికే తీసుకెళ్లాం. అది మా పద్ధతిలో చివరి మెట్టు, మనిషిని ఇంటికి చేర్చడం. మొగుడికి ఇంకో పెళ్లాం, పిల్లలు. పక్క ఊళ్లోనే ఉన్న అన్నగారి దగ్గరికి వెళితే, ఆయన గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. చెల్లెలు పోయిందనుకుని కర్మ చేసేశారట. ఒకసారి పిండం పెట్టాక మళ్లీ అన్నం పెట్టడం కుదరదన్నమాట. నేను చేయాల్సిన గొడవంతా చేశాను. ఆమె మాత్రం ఒక్క తిట్టయినా తిట్టలేదు. జీపెక్కాక చాలాదూరం వచ్చి, "నన్ను పల్లెకి దించీండమ్మా. అప్ప కాడికి" అంది. అప్ప అంటే చేపలామె. ఆ జబ్బులో, ఆ అరుపుల మధ్య, కూడు పెట్టిన చేతుల్ని ఆమె విడివిడిగా గుర్తుపెట్టుకుంది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. డైరెక్టరుగారు కొత్త నూలు చీర కొనిచ్చారు. వేలెడంత పెరిగిన జుట్టుకు ఆయమ్మ కొబ్బరినూనె రాసి పంపింది. దారంతా ఆమెకు కాలు నిలవలేదు. సరుగుడు తోట దాటగానే జీపు ఆగకముందే దూకేసి ముందు నడిచింది. ఇసక మీద నెత్తళ్ల చేపలు ఎండబోసుకుంటున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఒక ముసలామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. నీళ్లలోకి తోస్తున్న పడవను మగవాళ్లు సగంలో ఆపేశారు. బోడితల ఆడమనిషి ఎదురొచ్చింది, వేటకు వెళ్లకూడదు.

ఆమె ఇదేమీ చూడలేదు. "అప్పా, నానే" అని కేకేసింది.

గొంతు విని చేపలామె పరుగెత్తుకొచ్చింది. కావలించుకుంది. ముఖం తడిమింది. ఆ చెయ్యి నెత్తిమీదికి వెళ్లి ఆగింది. అప్పుడు నా వైపు చూసింది.

"జడలేవమ్మా?"

"తీసేశాం. పుళ్లున్నాయి."

"తీసినారు, సరే. ఏవీ? తెచ్చినారా?"

"కాల్చేశాం" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. మెల్లిగా విడమరిచి చెప్పింది. జడలు తీయడం తప్పు కాదట. కొందరికి జబ్బు చేసి తీస్తారు, కొందరికి వాటంతటవే రాలిపోతాయి. తీసినవి పసుపు గుడ్డలో కట్టి, ఏదో ఒక ఇంటివాళ్లు ఆ మనిషిని మా ఆడపిల్ల అని పదిమందిలో చెప్పి, గంగమ్మకు ఒప్పజెప్పాలి. అప్పుడు ఆ మనిషి అమ్మవారి మనిషి కాకుండా పోయి ఆ ఇంటి మనిషి అవుతుంది. "నాను ఒప్పజెప్పుదును కదమ్మా. నాకు ఆడపిల్లల్లేరు" అంది.

ఊరిపెద్ద వలల పాకలో నలుగురిని కూర్చోబెట్టాడు. జడలు పోయిన మనిషి బయట, పాక నీడలో కూర్చుంది. నేను ఆరోజు మాట్లాడినంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మతి లేనిదానికి కూడు పెట్టారు, మతి వచ్చినదానికి పెట్టరా? ఇదెక్కడి న్యాయం? కలెక్టరుగారి దగ్గరికి వెళతాను, పోలీసుల్ని తెస్తాను. ఆయన అంతా విన్నాడు.

"కూడు ఎడతాం మేడంగోరూ. కూటికేటి. జడలమ్మ ఈ పాకలో తొంగుంటే ఎవుడూ సూడనేదు, అమ్మోరి మనిషి. ఈవిడ వయసులో ఉన్న ఆడమనిషి. ఎవుల మనిషి? రేపు కుర్రోలు ఏదైనా ఆగడం సేత్తే ఎవులొచ్చి అడుగుతారు? మీరొత్తారా పలాస నుంచి?"

"నా ఇంట్లో ఉంటాది" అంది చేపలామె.

"ఏ దారిన ఎట్టుకుంటావు? జడలుంటే ఒప్పజెప్పి ఎట్టుకో. ఎవులు కాదన్నారు? జడలేవీ?"

అది సాకు. సాకని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, చేపలామెకు అందరికంటే ముందు తెలుసు. కానీ సాకుతోనే ఇన్నాళ్లూ ఆ ఊరు ఆమెకు చోటిచ్చింది. ఇప్పుడు చోటివ్వడానికి ఇంకో సాకు ఉండి ఉండేది. దాన్ని నేను కిరసనాయిలు పోసి తగలబెట్టాను. చేపలామె ఇద్దరు కొడుకులూ అక్కడే ఉన్నారు, తలొంచుకుని ఇసక గీస్తున్నారు. వాళ్లను చూసి ఆమె కొంగు దులుపుకుని లేచింది.

బయట పాక నీడలోంచి మా మనిషి గొంతు వినిపించింది. "నడండమ్మా, ఎల్పోదాం. నా వల్ల పడవ ఆగిపోనాది."

ఆశ్రమానికొచ్చాక ఆయమ్మ ఒక ఉపాయం చెప్పింది. మంగలి దగ్గర ఏదో జుట్టు తెచ్చి, చిక్కులు చేసి, ఇవే జడలని ఇచ్చేస్తే సరి. డైరెక్టరుగారు కూడా బాగానే ఉందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక ఊరిని మోసం చేయడమేమిటి, మన విలువలేమవుతాయి అన్నాను. విలువలు! ఆ మాట మీద వాళ్లిద్దరూ తగ్గారు. ఆ వాదనలో కూడా నేనే గెలిచాను.

ఆమెను జీడిపప్పు పరిశ్రమలో పొట్టు తీసే పనికి పంపాం. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేది. మాత్రలు తానే అడిగి వేసుకునేది. జుట్టు పెరిగితే మళ్లీ తీయించడం మా పద్ధతి. ఆమె వద్దంటే ఈసారి నేను అడ్డుపడ్డాను, ఆలస్యంగానైనా. అందరూ బాగుందనుకున్నారు. కానీ తిట్టడం మానేసింది. డ్రైవరు కావాలని జీపు గోడకు ఆనించి చూసినా ఒక్క మాట అనలేదు. వరండాలో తన రెండు ఫోటోల కింద కూర్చుని ఉండేది.

రెండో ఏడు పనసకాయలొచ్చే రోజుల్లో కనబడకుండా పోయింది. పనికని వెళ్లి తిరిగి రాలేదు. స్టేషన్లో వెతికాం, మందస దాకా వెతికాం. నాకు మాత్రం ఎక్కడ వెతకాలో తెలుసు. ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను.

అదే పడవకు ఆనుకుని కూర్చుని ఉంది. చీర చిరిగి ఉంది, ఒంటినిండా బూడిద. భుజాల దాకా పెరిగిన జుట్టు జడలు కట్టింది. అమ్మవారు మళ్లీ ఎక్కిందని చేపలామె నాకు ఎదురొచ్చి చెప్పింది, ఏడవాలో సంతోషించాలో తెలియని ముఖంతో. పడవలు ఆమె చెయ్యి తాకి వెళుతున్నాయి. ఇన్నాళ్ల మందు, ఇంత కష్టం, అంతా మొదటికొచ్చింది అనుకున్నాను.

నన్ను చూడగానే లేచి నిలబడింది. "ఓలమ్మో, గుండ్లు గీసీది మల్లీ ఒచ్చినాదర్రా! తిరిగి తిరిగి దీని సెప్పులు అరిగిపోనాయి గానీ నోరు అరగనేదు!" నెత్తళ్లు ఎండబోస్తున్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆమె నన్ను తరుముతున్నట్టు పడవ వెనక్కి తోసుకుపోయింది. దగ్గరగా వచ్చింది. పచ్చి పనస వాసన. జడల వైపు చూశాను. చిక్కులు కావు అవి. పనస జిగురు రాసి, బూడిద అద్ది, పాయలు పాయలుగా అంటించినవి.

"మాత్రలు తెచ్చినావా?" అంది గొంతు తగ్గించి. "నాకాడివి అయిపోనాయి."

తేలేదని తల అడ్డంగా ఊపాను. ఆమే చెప్పింది. "బాగున్నప్పుడు ఉండనిచ్చినారేటి? ఇలగైతే ఉండనిత్తన్నారు. నాకు ఈ ఊరు గావాల. ఎవులికీ సెప్పకు. అప్పకి కూడా."

"ఆవిడకు చెపితే ఏమవుతుంది?"

"దానికి అబద్దం దాసడం రాదు. మొకంలోనే ఉంటాది. కొడుకులు దాన్ని కూడా ఎల్లగొట్టెత్తారు."

మాటిచ్చాను. మంగలి జుట్టు మోసం అని విలువలు మాట్లాడినదాన్ని, నెలనెలా ఆ మోసంలో సగం మోశాను. విశాఖ నుంచి వచ్చే మందుల్లోంచి ఆమె మాత్రలు తీసి బ్యాగులో వేసుకుని సెలవురోజు వెళ్లేదాన్ని. ఊరందరి ముందు నన్ను కొత్త కొత్త తిట్లతో ఎదుర్కొనేది. నా చీర మీద, నా జుట్టు మీద, పెళ్లి కాకపోవడం మీద, కాలేజీ చదువు మీద. దానికోసం నెలంతా ఆలోచించుకునేదేమో. పడవ వెనక మాత్రలు కొంగున ముడేసుకుని, "ఏటి, ఈపాలి బాగా తగిలినాదా?" అని అడిగేది. బాగా తగిలిందని చెప్పేదాన్ని. ఆశ్రమంలో మాత్రం మనిషి దొరకలేదని చెప్పాను. డైరెక్టరుగారు నిట్టూర్చి ఆమె ఫోటోలు గోడ మీంచి తీసేశారు. ఫెయిలైన కేసు అన్నారు. మా అందరి పనిలోకీ బాగా కుదిరిన కేసు అదొక్కటేనని చెప్పాలని నోటిదాకా వచ్చేది.

కొన్నేళ్లు అలా నడిచింది. ఇదెంత పలుచని దారం మీద నడుస్తోందో నాకు తట్టలేదు. ఒక మనిషి మతి, ఇంకో మనిషి బస్సు ప్రయాణం మీద ఆధారపడి ఉంది, మూడో మనిషికి ఆ సంగతి తెలియదు.

తరవాత డైరెక్టరుగారు మంచాన పడ్డారు, ఆశ్రమం మూతపడింది. నాకు శ్రీకాకుళంలో ఉద్యోగమొచ్చింది. విశాఖ డాక్టరుగారిని బతిమాలి కొన్ని నెలల మాత్రలు ఒకేసారి తీసుకుని ఇచ్చి వచ్చాను. "మల్లీ ఎప్పుడొత్తావు?" అంది. అవి అయిపోయేలోగా వస్తానన్నాను. వెళ్లలేదు. వానలు, గండిపడ్డ రోడ్డు, కొత్త ఆఫీసు, ట్రైనింగులు. కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాదనలో నన్నెవరూ గెలవలేరని ముందే చెప్పాను కదా.

వెళ్లేసరికి చేపలామె సరుగుడు తోట దగ్గరే ఎదురైంది. "ఇన్నాల్లు బాగున్నాది. జడలున్నా మనిషి నిదానంగా ఉండీది. ఏటైనాదో, మల్లీ నీల్లలోకి ఎల్లిపోతన్నాదమ్మా" అంది. అప్పుడు చెప్పాను. మాత్రల సంగతి, పనస జిగురు సంగతి, నాచేత తీసుకున్న మాట సంగతి, అన్నీ.

ఆమె గంప దించి ఇసకలో కూర్చుంది. అక్కణ్ణుంచే అంది:

"నాకు సెప్పవలిసింది. దానికి తెలవక వద్దన్నాది. నీకేటైనాది? బస్సు నేకపోతే ఇసాకపట్నం నడిసి ఎల్దును కదమ్మా."

ఇది మీకు తేల్చి చెప్పలేను, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ. ఆమె అడిగిన రహస్యం దాచడం సరైనదని మన పాఠాల్లో ఉంది. నేనూ ట్రైనింగు క్లాసుల్లో అదే చెప్పాను. మనిషి మాట వినకుండా జడలు కాల్చి ఒకసారి చెడగొట్టాను. మనిషి మాట విని రహస్యం దాచి ఇంకోసారి చెడగొట్టాను. రెండుసార్లూ నన్ను నిలదీసేవాళ్లు లేరు. ఉన్నా నేను గెలిచేదాన్ని.

చేపలామె ఆ తరవాత మాత్రలు పొడి చేసి గంజిలో కలిపి పెట్టింది. చెప్పకుండా మందు పెట్టకూడదని నేను అనలేదు. మందులు తీసుకోవడానికి ఆమే ఎండుచేపల గంపతో విశాఖ వెళ్లేది. నీళ్లలోకి నడవడం ఆగింది. నిద్ర వచ్చింది. పడవలు తాకించుకుంటున్నారు, ఇంటికో పూట కూడు వస్తోంది. ఊరిలెక్కన ఆమెకు ఏ లోటూ లేదు. కానీ కొంగున మాత్రలు ముడేసుకున్న ఆ మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఆలస్యమైతే ఒక్కోసారి అంతేనని డాక్టరుగారన్నారు.

మందు మళ్లీ మొదలయ్యాక ఒక రోజు నేను పడవ దగ్గరికి వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను. కావాలనే అరిగిన చెప్పులు వేసుకుని వెళ్లాను. నెత్తళ్లు ఎండబోసుకునే ఆడవాళ్లు నవ్వడానికి సిద్ధంగా తలలెత్తారు. ఆమె నన్ను చూసింది. మెల్లిగా లేచింది. నేను తోసుకుపోయే చేతుల కోసం కాచుకుని ఉన్నాను.

రెండు చేతులూ జోడించి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు పెట్టినట్టు, మర్యాదగా నాకు దండం పెట్టింది.